బిగించి కట్టిన బట్ట

ఫిబ్రవరి 6, గురువారం. కోరుట్ల

క్రాంతి వచ్చాడు. నా భార్య శ్రీలతకు తమ్ముడు కాబట్టి కూర్చోమన్నాను. జగిత్యాలలో పెళ్లి స్టేజీలు కట్టుకునేవాడు ఇప్పుడు విజిటింగ్ కార్డు మీద ఈవెంట్ మేనేజర్ అయ్యాడు. ప్లాస్టిక్ పూలు అవే, రేటు మారింది.

సిరిసిల్లలో హన్మండ్లు అని ఒక సేటు. మరమగ్గాల షెడ్లు నాలుగైదు ఉన్నాయట. ఈ నెల ఇరవై మూడున ఆయన బిడ్డ సృజన పెళ్లి. పెళ్లికొడుకు జగిత్యాల నుంచి అద్దె హెలికాప్టర్‌లో దిగుతాడట.

"బస్సు లేదారా?" అన్నాను.

"గట్లంటవేంది బావా! ఇరవై నాలుగేండ్లు హెలికాప్టర్ల కాన్నే ఉన్నవు. పైన పైలట్ చూసుకుంటడు, కింద నేల సంగతి నువ్వు చూసుకోవాలె."

ఉట్టికి ఎగరలేనమ్మ స్వర్గానికి ఎగిరిందట. ఈ పెళ్లికొడుకు కొండగట్టు ఘాట్ రోడ్డు మీద కారులో పోయినా వాంతి చేసుకునే రకమని క్రాంతే చెప్పాడు. సైన్యంలో చీతా హెలికాప్టర్లకు మరమ్మతు చేసిన చేతులు ఇవి. మంచుకొండల మీద గాయపడిన జవాన్లను దింపిన యంత్రాలు అవి. ఇప్పుడు షేర్వాణీ వేసుకున్నవాడిని దింపాలి.

ఒప్పుకున్నాను. నేను కాదంటే ఇంకెవడో తెలివితక్కువవాడు చేసి ఎవరి ప్రాణమో తీస్తాడు. అంతే, వేరే కారణం లేదు.

నా బిడ్డ స్వప్న తలుపు దగ్గర నిలబడి అంతా వింది. పాలిటెక్నిక్‌లో మెకానికల్ పూర్తి చేసింది కదా, తనకు అర్థమవుతుందనుకుంటుంది. తుమకూరులో కొత్త హెలికాప్టర్ తయారుచేసే చోట అప్రెంటిస్‌గా రమ్మన్నారు. మార్చి ఐదున చేరాలి. "బాపు సరే అంటెనే పోత" అని వాళ్లమ్మతో అంది. నేను సరే అనలేదు. వద్దని కూడా అనలేదు. ఆలోచిస్తున్నాను.

ఫిబ్రవరి 8, శనివారం

ఆలోచించడానికి ఏమీ లేదు. వద్దు.

ఫిబ్రవరి 11, మంగళవారం

వీధి చివర పసుపు ఉడకబెడుతున్నారు. ఇల్లంతా ఆ వాసనే. కిటికీలు మూసుకుని కూర్చుంటే స్వప్న వచ్చి ఫోను నా ముక్కు ముందు పెట్టింది. కొత్త తేలికపాటి హెలికాప్టర్ వీడియో.

"చూడు బాపు. మీ చీతాలు, చేతక్‌లు ఇగ పక్కకు పెడ్తరట. వాటి జాగల గిది వస్తది."

పక్కకు పెడతారట. బీరువా జరిపినట్టు చెప్పింది.

క్రాంతి కూడా యాంకర్ చదవడానికి హెలికాప్టర్ చరిత్ర ఐదు ముక్కల్లో రాసిమ్మన్నాడు. వాడికి ఇవ్వను. ఇక్కడ రాసుకుంటాను, కనీసం ఈ పుస్తకానికైనా తెలుస్తుంది.

మొదట ఫ్రాన్సువాళ్లు చేశారు, యాభైల చివర్లో. మనం లైసెన్సు తీసుకుని బెంగళూరులో కట్టడం మొదలుపెట్టి, రాణా ప్రతాప్ గుర్రం పేరు పెట్టుకున్నాం, చేతక్ అని. అది బాగానే ఎగిరింది కానీ మన కొండలకు చాలలేదు. ఇంకా పైకి పోయేది కావాలని మనవాళ్లు అడిగారు. అప్పుడు ఫ్రాన్సువాళ్లు ఏం చేశారు? చేతక్‌కు అన్నలాంటి పాత హెలికాప్టర్ ఒకటి ఉంది, బక్కది, తోక దగ్గర ఎముకలు కనబడేది. దానికి చేతక్ ఇంజినూ రెక్కలూ తగిలించారు. రాత్రి మిగిలిన అన్నంతో పొద్దున పులిహోర చేసినట్టు. అదే మన చీతా అయింది. పులిహోర అని నవ్వేవాళ్లు వినాలి: డెబ్బై రెండులో ఆ రకం హెలికాప్టర్ ఒకటి ఫ్రాన్సులో పన్నెండు వేల మీటర్లు దాటింది. ఆ ఎత్తున ఇంజిను ఆగిపోయింది, మళ్లీ అంటుకోలేదు. దాన్ని నడిపినాయన ఇంజిను లేకుండానే, కింది గాలికి రెక్కలు తిరుగుతుండగా, నేల దాకా దిగాడు. అలా దిగాలంటే ఇంజిను ఆగిన క్షణంలోనే చేతిలోని లివర్ కిందికి వదలాలి. భయపడి పైకి లాగి పట్టుకుంటే రెక్కలు నెమ్మదిస్తాయి, ఇక అంతే.

ఆ చీతాతో నేను బతికాను. పైన హెలిప్యాడ్ మీద దిగితే ఇంజిను ఆపేవాళ్లు కాదు, ఆపితే ఆ చలికి మళ్లీ అంటుకుంటుందో లేదో. స్పానర్ వేళ్లకు అతుక్కుపోయేది. ఇవన్నీ ఆ వీడియోలో ఉండవు.

ఇక కొత్తది. మనవాళ్లే గీసుకుని మనవాళ్లే కట్టింది. రెండు వేల పదహారు సెప్టెంబరులో బెంగళూరులో మొదటిసారి లేచింది. మేం మెస్‌లో టీవీలో చూసి నవ్వుకున్నాం. ఇల్లు అలకగానే పండుగ కాదు, ఇది మా కొండ ఎక్కినప్పుడు చూద్దాంలే అన్నాను. తర్వాత ఎక్కింది. అది వేరే సంగతి.

లోపల సూదులుండే మీటర్లు లేవు, అన్నీ తెరలే. హెలికాప్టరా, సినిమా హాలా?

"బాగుందా బాపు?" అంది.

"రంగు బాగుంది" అన్నాను.

ఫోను తీసుకుని పోయింది. నేను విప్పి బిగించని ఇంజిను గురించి నా బిడ్డ నాకు చెప్పడమేమిటి?

ఫిబ్రవరి 15, శనివారం

క్రాంతి కారులో సిరిసిల్ల పోయి వచ్చాం. స్వప్న కూడా వచ్చింది. వాళ్ల మామ దగ్గర పని నేర్చుకుంటుందట. బెలూన్లు ఊదడానికి డిప్లొమా ఎందుకో.

హన్మండ్లు సేటు మనిషి పొట్టి, మెడలో గొలుసు పొడుగు. షెడ్డు పక్కనే ఇల్లు. మగ్గాల మోతలో పుట్టి పెరిగిన మనిషి, మామూలు మాట కూడా అరిచే చెబుతాడు. పెళ్లి జరిగే చోటు బైపాస్ పక్కన ఖాళీ జాగా. ఒక వైపు వరి పొలాలు, వాటి అవతల బీడు. నేల గట్టిదే, తీగలు లేవు. బాగుందన్నాను. అది మాత్రం నిజం.

చెప్పవలసినవి చెప్పాను. నేల మీద పెద్ద హెచ్ అక్షరం తెల్లగా ఉండాలె, పైనుంచి కనబడాలె, కదలొద్దు. షామియానా దూరంగా. చుట్టుపక్కల వదులు బట్ట ఒక్కటి ఉండొద్దు.

సేటు నొసలు ముడిచాడు. "బట్ట లేకుంట మా కాడ పెండ్లెట్లయితది సారు? మా మగ్గం మీదికెల్లి కోసిన కొత్త బట్ట మీద అల్లుడు నడిచి రావాలె. మా తాత కాన్నుంచి గదే పద్ధతి."

"రెక్కలు ఆగినంక పరుచుకో."

"ఎందుకు సారు? ముందుగాల పరిస్తె ఏమైతది?"

"నీకు చెప్పినా తెల్వదు. చెప్పింది చెయ్యి, చాలు."

మగ్గం ఆడించేవాడికి గాలి లెక్కలు చెప్పాలా? అడిగేవాడికి చెప్పేవాడు లోకువ. మా సుబేదార్ కూడా మాకు ఎందుకో చెప్పేవాడు కాదు. మేం చేశాం, చావలేదు.

హెచ్ దేనితో వేయాలో చెప్పలేదు. సున్నంతో అని చిన్నపిల్లలకు కూడా తెలుసు.

ఫిబ్రవరి 16, ఆదివారం

శ్రీలత అన్నం పెడుతూ అడిగింది, పిల్ల సంగతి ఏం చేశావని. పప్పులో ఉప్పు ఎక్కువైందన్నాను. ఎక్కువ కాలేదు.

ఫిబ్రవరి 21, శుక్రవారం

స్వప్న రెండు రోజులుగా సిరిసిల్లలోనే ఉంది, ఈ రోజు బట్టల కోసం వచ్చింది. నేను కూలర్ మోటారు విప్పి పెట్టుకుని కూర్చున్నాను. దగ్గరికొచ్చి కింద కూర్చుంది.

"బాపు, ఒక్కటి అడగాల్నా? రెక్కలు గాలిని కిందికి నూకుతయి గదా. మరి బట్ట పైకెందుకు లేస్తది? కిందికే ఒత్తుకపోవాలె గదా."

మంచి ప్రశ్న. పదేళ్లు సర్వీసు చేసినవాళ్లు కూడా అడగరు. ఆ మాట నోటిదాకా వచ్చింది.

"మీ తుమకూరు సార్లనడుగు" అన్నాను. "వాళ్లకు తెరల మీద కనబడ్తది."

లేచి బ్యాగు సర్దుకుంది.

ఫిబ్రవరి 22, శనివారం

క్రాంతి ఫ్లెక్సీ ఫొటో పంపాడు. నూతన వధూవరుల కంటే పెద్దగా నా ముఖం. "ఏవియేషన్ ఎక్స్‌పర్ట్ మహేందర్ గారి పర్యవేక్షణలో." వెనక ఫైటర్ విమానం బొమ్మ. హెలికాప్టర్‌కూ విమానానికీ తేడా తెలియని గాడిదలు.

ఈ సాయంత్రమే పోయి నేల చూసి రావలసింది. పోను. ఈ ఫ్లెక్సీ చూశాక ఎవడు పోతాడు? రేపు పొద్దున బస్సుకు పోతే చాలు.

పోకపోవడానికి ఫ్లెక్సీ ఒక్కటే కారణం. క్రాంతి ఫోను చేసినప్పుడు వెనక నుంచి స్వప్న మాట వినబడింది. "బాపుకు అన్ని పాతయే తెలుసు మామా, మనమే చేసుకుందాం." అది వినడానికి ముందే నేను పోకూడదని అనుకున్నాను. కాబట్టి దానికీ దీనికీ సంబంధం లేదు.

ఫిబ్రవరి 23, ఆదివారం

ఇంటికొచ్చాం. రేపు రాస్తాను.

ఫిబ్రవరి 24, సోమవారం

శివరాత్రి దగ్గర పడింది. కోరుట్ల నుంచే బస్సు నిండా వేములవాడ భక్తులు. రుద్రంగిలో ఇంకో ఇరవై మంది ఎక్కారు, ఒకావిడ నా ఒళ్లో కోడిపెట్ట ఉన్న సంచి పెట్టింది. వేములవాడ దాటేసరికే ఆలస్యమైంది. సిరిసిల్లలో దిగి ఆటో ఎక్కాను. ఆటోలో ఉండగానే పైన మోత వినబడింది.

జాగా చేరేసరికి హెలికాప్టర్ పొలాల మీదికి వచ్చేసింది. మైకులో యాంకర్ అరుస్తున్నాడు, యుద్ధాల్లో శత్రువులను గడగడలాడించిన హెలికాప్టర్ అట. ఆ అద్దె బండి యుద్ధాన్ని టీవీలో కూడా చూసి ఉండదు. జనం ఫోన్లు పైకెత్తుకుని నిలబడ్డారు. మధ్యలో హెచ్ తెల్లగా, అంచులు గీత గీసినట్టు. పర్వాలేదే, వెధవలు బాగానే వేశారనుకున్నాను.

తర్వాత ఎండకు అది తళతళ మెరిసింది. సున్నం మెరవదు.

బట్ట. మగ్గం మీద ప్రత్యేకంగా నేసిన తెల్లటి బట్ట. జానెడుకొక ఇనుప మేకు కొట్టి, ముడత అనేది లేకుండా బిగించారు. స్వప్న దాని పక్కనే నిలబడి ఉంది, చేతిలో గాలి ఎటు వీస్తుందో చూపే జెండా పట్టుకుని.

పరుగెత్తాను. రెండు చేతులూ పైన అడ్డంగా ఊపుతూ, పైకి పో, పైకి పో అని సైగ చేశాను. బట్ట మధ్యలో పొట్టలా ఉబ్బింది. ఒక మూల మేకు ఊడింది. దాని వెంట మిగతావి పటపట ఊడాయి, హెచ్‌లో సగం నిలువునా లేచింది. ఇంకొంచెం కిందికి దిగి ఉంటే రెక్కల్లోకి పోయేది. పైలట్ చూశాడు, మళ్లీ పైకి లేపాడు. ఆ పిల్లవాడెవరో గాని చల్లగా ఉండాలి.

స్వప్న నేల మీద కూర్చుని ఉంది. మేకు వచ్చి కనుబొమ్మ మీద తగిలింది. వేళ్ల మధ్య నుంచి నెత్తురు.

హెలికాప్టర్ పొలాల అవతల బీడులో దిగింది. పెళ్లికొడుకు గట్టు మీద నడిచి రావలసి వచ్చింది. రెండుసార్లు మడిలోకి జారాడు. మూడోసారి జారే లోపు హన్మండ్లు సేటు మనుషులు చిరిగిన ఆ హెచ్ బట్టనే పీకి, కత్తిరించి, గట్టు పొడవునా పరిచారు. అల్లుడు కొత్త బట్ట మీదే నడిచి వచ్చాడు. యాంకర్ దాన్ని కూడా పొగిడాడు.

సేటు నేరుగా నా దగ్గరికొచ్చాడు. మిగిలిన బట్ట అంచు చేతిలో ఉంది.

"వదులు బట్ట వద్దన్నవు. గిది వదులా సారు? మగ్గం మీద పడుగు గుంజినట్టు గుంజి కట్టినం. వేలు పెట్టి మీటితె మోగింది. కదలొద్దన్నవు, కదలకుంట కొట్టినం. నువ్వే చెప్పు, గిదాన్ని వదులు బట్ట అని బట్ట నేసే ఏ సాలోడన్న అంటడా?"

నలభై నాలుగేళ్ల వయసులో ఒక పొట్టి మనిషి ముందు నోరు తెరుచుకుని నిలబడ్డాను.

క్రాంతి అరిచాడు. "బావా, నువ్వు ఏం చెప్పలే గదా! సున్నమనలే, ఎందుకో అనలే. నా పేరంత మట్టిల గలిసె!"

అప్పుడు స్వప్న, దస్తీ నుదుటికి ఒత్తి పట్టుకుని, "బాపు నాకు చెప్పిండు మామా" అంది. "సున్నమే వెయ్యాలన్నడు. నేనే మర్శిపోయిన."

అబద్ధం.

నేను కాదనలేదు. అందరూ నా నుంచి ముఖం తిప్పి దాని వైపు చూశారు. నాకు ఊపిరి ఆడింది. ఆ మాట కూడా రాసుకోవాలి, ఊపిరి ఆడింది.

ఫిబ్రవరి 26, బుధవారం

శివరాత్రి. స్వప్నకు కుట్లు పడ్డ చోట వాచింది. ఒక్క వేలు కిందికి తగిలి ఉంటే కన్ను.

ఉపవాసం అన్నాను. ఆకలి లేదు.

ఫిబ్రవరి 28, శుక్రవారం

క్రాంతి వచ్చాడు. ఈసారి కూర్చోమనలేదు, వాడే కూర్చున్నాడు. సేటు ఇంకా కోపంగానే ఉన్నాడట. క్రాంతి ఇక హెలికాప్టర్ పెళ్లిళ్లు పట్టడట. లోకానికి అదొక మేలు.

తర్వాత స్వప్న వైపు తిరిగాడు. "నా మాట ఇను కోడలా. ఒక్క సున్నం మాట యాది పెట్టుకోరాలే నీకు. రేపు అక్కడ ఒక్క నట్టు బిగించుడు మర్శిపోతె? మనుషులు కూసుంటరు దాంట్ల. నీ తోటి అయ్యే పని గాదు గది."

శ్రీలత కూడా మెల్లగా అంది. "నిజమే బిడ్డా. గీ ఊళ్లెనే ఏమన్న చూసుకుందువు."

స్వప్న నా వైపు చూడలేదు. తల ఊపి, "సరే, పోను" అంది. వంటింట్లోకి పోయి గిన్నెలు కడగడం మొదలుపెట్టింది.

నాకు కావలసింది అదే కదా. ఈ నెలంతా నేను ఎదురుచూసింది ఆ మాట కోసమే. నేను వద్దనకుండానే పని అయిపోయింది. టీ గ్లాసు పట్టుకుని కూర్చున్నాను. గిన్నెల చప్పుడు వినబడుతోంది.

సగం తాగి గ్లాసు కింద పెట్టాను.

"క్రాంతీ, పిల్ల మర్శిపోలే" అన్నాను. "నేను చెప్పలే. సున్నమని చెప్పలే. ఎందుకని అడిగింది, దానికీ చెప్పలే. నన్ను కాపాడెటందుకు అబద్ధమాడింది. నేను నోరు మూసుకున్న."

క్రాంతి నోరు తెరిచి మూశాడు. వాడి జీవితంలో అదొక్కటే మంచి పని. శ్రీలత నన్ను చూసిన చూపు గురించి రాయను.

వంటింట్లో నీళ్ల చప్పుడు ఆగింది.

మార్చి 1, శనివారం

పొద్దున్నే టేబుల్ ఫ్యాన్ దించాను. స్వప్నను పిలిచి, ఫ్యాన్ ముఖం కిందికి పెట్టి రెండు చేతులతో పట్టుకోమన్నాను. నేల మీద దస్తీ పరిచి నాలుగు మూలలా నాలుగు స్పానర్లు పెట్టాను. చుట్టూ పేపరు ముక్కలు చల్లాను. స్విచ్ వేశాను.

"చూడు. గాలి కిందికే పోతది, నిజమే. నేలకు తాకి ఏడికి పోతది? పక్కలకు ఉరుకుతది. ఉరికి చుట్టు తిరిగి మల్ల పైకి లేస్తది, ఫ్యాన్ వెనకనుంచి మల్ల లోపలికి గుంజుకుంటది."

పేపరు ముక్కలు పక్కలకు పరుగెత్తి, లేచి, కొన్ని ఫ్యాన్ వెనక జాలికి అతుక్కున్నాయి. దస్తీ మధ్యలో ఉబ్బింది.

"బిగించి కట్టినా అంచు కిందికెల్లి గాలి దూరుతది. ఎంత బిగిస్తె అంత జోరుగ మేకును గుంజుతది. బట్ట బట్టే, వదులైనా బిగువైనా."

స్వప్న ఫ్యాన్ పట్టుకునే ఉంది. కనుబొమ్మ మీద పట్టీ.

"గిది ఆనాడే చెప్తె అయిపోతుండె గద బాపు" అంది.

"అయిపోతుండె" అన్నాను.

స్విచ్ ఆపాను. ఆపినా ఫ్యాన్ కాసేపు తిరిగింది. అది ఆగే దాకా ఇద్దరం చూశాం. తర్వాత నేనే అడిగాను, మీ కొత్తదానిలో ఇంజిను ఏ కంపెనీదని. చెప్పింది. గేరు పెట్టె గురించి అడిగాను, అదీ చెప్పింది. తెరలు ఆగిపోతే ఏం చేస్తారని అడిగాను. అది తనకు తెలియదంది. నాకూ తెలియదన్నాను. ఆ మాట అనడానికి పళ్లు పీకించుకున్నంత పనైంది.

"రేపు బస్సుంది. పో" అన్నాను.

క్రాంతికి కూడా చెప్పాను, హన్మండ్లు సేటుకు ఫోను చేసి ఫ్యాన్ సంగతి వివరిస్తానని. "ఇప్పుడెందుకు బావా?" అన్నాడు. వాడికి చెప్పినా తెలియదు. అయినా చెప్పాను.

మార్చి 2, ఆదివారం

బస్టాండ్‌లో హైదరాబాద్ బస్సు దగ్గర శ్రీలత సకినాల డబ్బా ఇచ్చి ఏడ్చింది. డబ్బా మీద బిడ్డ పేరు రాసింది, ఎవరో ఎత్తుకుపోతారన్నట్టు. క్రాంతి వచ్చి సెల్ఫీ తీసుకున్నాడు. మారలేదు మనిషి.

స్వప్న కిటికీ దగ్గర కూర్చుని చేయి బయట పెట్టింది.

"ఏమన్న చెప్పేదున్నదా బాపు?"

"ఎందుకని అడుగుతనే ఉండు. ఒక్కసారికి చెప్పకపోతె ఇంకోసారి అడుగు. నా అసొంటోళ్లు అక్కడ కూడ ఉంటరు."

నవ్వింది. పట్టీ కింద చర్మం లాగినట్టుంది, వెంటనే చేయి పెట్టుకుంది.

"ఇంకొకటి. కొత్తది గాలిల ఉండంగ ఇంజిన్ ఆగితె ఎట్ల దిగుతది, లివర్ ఎంత జల్ది వదలాలె, గది ముందుగాల కనుక్కో. కనుక్కొని నాకు ఫోన్ చెయ్యి."

"నువ్వు నడిపేది లేదు, బిగించేది లేదు. నీకెందుకు బాపు?"

ఎప్పటిలా అయితే నీకెందుకులే అనేవాణ్ని. డ్రైవర్ బండి తీశాడు. కిటికీ పక్కన నడుస్తూ చెప్పాను.

"నాకు భయమైతంది బిడ్డా, అందుకు."